నేల చూపించిన చోట



హైదరాబాదులో ఏటా మే రెండో వారంలో ఒక రోజు, మధ్యాహ్నం పన్నెండు దాటిన కొద్ది నిమిషాలకు, నిటారుగా పాతిన కర్రకు నీడ కనిపించదు. సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. ఆగస్టు మొదట్లో మరోసారి ఇలాగే జరుగుతుంది. ఖగోళశాస్త్రం బోధించేవాళ్ళు ఈ వింతను పిల్లలకు చూపించి మురిసిపోతారు. పార్కుల్లో బెంచీలు వేయించేవాళ్ళు కూడా ఆ రోజు ఒకసారి బయటికొచ్చి చూడాలి. మధ్యాహ్నమే కాదు, సాయంత్రం దాకా ఉండి చూడాలి.

ఎందుకంటే అదే రోజు నాలుగింటికి చెట్టు నీడ దాని ఎత్తుకు దాదాపు ఒకటిన్నర రెట్లు సాగి తూర్పుకు పడుతుంది. అయిదింటికి రెండున్నర రెట్లు సాగుతుంది. నేలకు అయిదు మీటర్ల ఎత్తున గుబురు ఉన్న వేపచెట్టునే తీసుకుందాం. నాలుగింటికి దాని నీడ నడిభాగం మొదలు దగ్గర ఉండదు, ఆరేడు మీటర్లు తూర్పుకు జరిగిపోయి ఉంటుంది. డిసెంబరు సాయంత్రం అదే నీడ ఈశాన్యానికి మళ్ళుతుంది. వేసవిలో పిల్లల్ని తీసుకుని జనం పార్కుకు వచ్చేది ఆ సాయంత్రపు వేళకే. బెంచీ మాత్రం చెట్టుకు పడమటి వైపు, దారి పక్కన, వరసలో వరసగా ఉంటుంది. జనం నీడలో నేల మీద కూర్చుంటారు, బెంచీ ఎండలో ఒంటరిగా కాగుతుంది.

పల్లెల్లో ఈ లెక్క పెద్దవాళ్ళకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. ఎండాకాలం నులకమంచం పొద్దున ఇంటికి పడమటి పక్కన ఉంటుంది. మధ్యాహ్నానికి చింతచెట్టు మొదట్లోకి వస్తుంది. పొద్దు వాలేసరికి తూర్పుకు జరుగుతుంది. అమెరికాలో విలియం వైట్ అనే పరిశోధకుడు 1970లలో న్యూయార్కు కూడళ్ళలో కెమెరాలు పెట్టి, జనం ఎక్కడ కూర్చుంటారో, ఎలా కూర్చుంటారో ఓపికగా గమనించాడు. కదిపే వీలున్న కుర్చీ కనబడితే మనిషి కూర్చునే ముందు దాన్ని కాస్త అటో ఇటో జరుపుకుంటాడని ఆయనకు తెలిసింది. ఎండ కోసమో నీడ కోసమో, పక్కవాడికి దూరంగానో దగ్గరగానో, జరపడం మాత్రం జరపాల్సిందే. మంచం, కుర్చీ జరుగుతాయి. రాతిబల్ల జరగదు. ఒకసారి పాతితే ముప్ఫై, నలభై ఏళ్ళు అక్కడే ఉంటుంది. కాబట్టి నీడ లెక్క పాతకముందే తేలాలి. నాలుగు రోజులపాటు ఆ చోట ఒక మంచం వేసి, వేళవేళకూ ఎవరు దాన్ని ఎటు లాక్కుంటున్నారో చూస్తే చాలు, ఖర్చు లేకుండా సర్వే పూర్తవుతుంది.

ప్రకృతిలో కలిసిపోయే ఆసనం అనగానే చాలామందికి ముందు తోచేది దాని రూపం. తెలుగు ఊళ్ళలో పార్కుకు వెళ్తే తరచుగా కనిపించేది సిమెంటుతో పోసిన చెట్టు మోడు. దాని మీద బెరడు గీతలు, గోధుమరంగు పెయింటు, పక్కన కొమ్మ నరికినట్టు ఒక గుండ్రటి మచ్చ. రెండు వర్షాకాలాలు గడిచాక రంగు పెచ్చులూడి లోపలి బూడిదరంగు బయటపడుతుంది. నిజం మోడు పాతబడితే నాచు పడుతుంది, పుట్టగొడుగులు లేస్తాయి, అందం పెరుగుతుంది. ఈ మోడుకు వయసు మీదపడే మర్యాద దక్కదు. రూపాన్ని అరువు తెచ్చుకున్నంత మాత్రాన చోటుతో చుట్టరికం కలవదు. నీడ ఎటు పడుతుంది, వాననీరు ఎటు పారుతుంది, చెట్టు వేళ్ళు ఎంత దూరం పాకాయి, కూర్చున్న మనిషి కళ్ళ ముందు ఏముంది, వీపు వెనక ఏముంది? వీటిని ఆ నేలనే అడిగి తెలుసుకుని వేసిన బల్ల, ఏ ఆకారంలో ఉన్నా, ఏ రంగులో ఉన్నా, ఆ చోటుకు చెందినట్టే ఉంటుంది.

ఇందులో తెలుగువాళ్ళకు చాలా పాత అనుభవం ఉంది. ఊరి నడుమ రచ్చబండ. రావికీ వేపకూ పెళ్ళి చేసి పక్కపక్కన నాటిన చెట్లు, వాటి చుట్టూ రాళ్ళు పేర్చి మట్టి నింపిన తిన్నె. తగవులు తీర్చేదీ, కబుర్లాడుకునేదీ, బస్సు కోసం ఎదురుచూసేదీ అక్కడే. ఎవరూ డిజైను గీయలేదు. చెట్టు ముందు వచ్చింది, నీడ పరుచుకుంది, జనం చేరారు, తర్వాత రాళ్ళు పడ్డాయి. ఆ వరస చాలా ముఖ్యం. పేర్చిన రాళ్ళ సందుల్లోంచి వాన లోపలికి ఇంకేది, గాలి ఆడేది, చీమలూ వానపాములూ తమ పని తాము చేసుకునేవి.

ఇప్పుడు అభివృద్ధి పేరుతో ఆ తిన్నెలకు జరుగుతున్నది చూస్తే బాధ కలుగుతుంది. మట్టి మీద కంకర, కంకర మీద సిమెంటు, సిమెంటు మీద నునుపైన టైల్సు, అన్నీ చెట్టు మానుకు ఆనేదాకా. నీరు పీల్చే సన్నని వేళ్ళు చాలా చెట్లకు నేల పైపొరలోనే, రెండడుగుల లోపలే ఎక్కువగా ఉంటాయి. ఆ వేళ్ళకు నీరెంత అవసరమో గాలి కూడా అంతే అవసరం. పైన గట్టి మూత పడితే రెండూ ఆగిపోతాయి. మాను చుట్టూ ఎత్తుగా మట్టి పోసినా ప్రమాదమే. గాలి తగలాల్సిన బెరడు తడిమట్టిలో మునిగి మెల్లగా కుళ్ళుతుంది. చెట్టు ఒక్కరోజులో పడిపోదు. ముందు పై కొమ్మల చివళ్ళు ఎండుతాయి, తర్వాత ఆకు పలచబడుతుంది. కొన్నేళ్ళకు ఓ ఈదురుగాలికి కూలిపోతే జనం గాలిని తిట్టుకుంటారు. రావి, మర్రి మొండివి కాబట్టి చాలాచోట్ల సిమెంటును బద్దలు కొట్టుకుని పైకొస్తాయి. వేపకూ చింతకూ అంత సత్తువ లేదు.

ఢిల్లీలో ఈ సమస్య జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్ళింది. చెట్ల మొదళ్ళ చుట్టూ ఒక మీటరు మేర కాంక్రీటు తీసేయాలని 2013లో ట్రిబ్యునల్ ఆదేశించింది. ఒక మీటరు అన్నది కనీసపు మాట. పెద్ద చెట్టుకు అంతకు రెండు మూడింతలు వదిలితే ఇంకా మంచిది. అసలు తిన్నె మానును ఆనుకుని ఉండాల్సిన అవసరమే లేదు. కొమ్మల గొడుగు అంచు ఎక్కడ పడుతుందో అక్కడ, వేళ్ళ మీద బరువు తగ్గేచోట, విడివిడి దిమ్మెల మీద నాపరాయి పలకలు పరిస్తే అదే అరుగు. దిమ్మె పునాది తవ్వేటప్పుడు బొటనవేలంత లావు వేరు అడ్డొస్తే గొయ్యినే పక్కకు జరపాలి. మొత్తం చుట్టు కట్టాల్సిన పనీ లేదు. సాయంత్రపు నీడ వచ్చే తూర్పు వైపు అర్ధచంద్రంలా కట్టి మిగతాది వదిలేస్తే చెట్టుకు ఊపిరాడుతుంది, నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చుంటారు. పూర్తి వలయం మీద కూర్చున్నవాళ్ళు తలా ఒక దిక్కుకు చూస్తారు, మాట కలవదు.

చెట్టు తర్వాత రాయి. తెలంగాణ, రాయలసీమ నేలల్లో ఆసనాలు ప్రకృతే వేసిపెట్టింది. హైదరాబాదు చుట్టూ ఉన్న గ్రానైటు వయసు దాదాపు 250 కోట్ల ఏళ్ళు. భూమి లోతుల్లో గడ్డకట్టిన ఆ శిల పైకి తేలాక, పగుళ్ళ వెంట నీరు దిగి, మూలలు అరిగి, ఉల్లిపొరల్లా పెచ్చులు రాలి, గుండ్లుగా మిగిలింది. గుండు మీద గుండు నిలిచి చూసేవాళ్ళ గుండె ఝల్లుమనిపించే దృశ్యాలు ఇలాగే తయారయ్యాయి. వాటి మధ్యలో పరుపుబండలు, బండల గుంటల్లో నీళ్ళు నిలిచే దోనలు. పశువులు కాసేవాళ్ళు తరతరాలుగా కూర్చున్నది వాటి మీదే. గోల్కొండ కోట కట్టినవాళ్ళు ఈ గుండ్లను పగలగొట్టి చదును చేయలేదు. గోడను గుండు దాకా తెచ్చి ఆపారు, గుండు అవతల మళ్ళీ మొదలుపెట్టారు.

నగరం పెరిగాక ఆ ఓర్పు పోయింది. 1996లో హైదరాబాదులో రాళ్ళను కాపాడటానికే ఒక సంఘం పుట్టాల్సి వచ్చింది. సొసైటీ టు సేవ్ రాక్స్ అన్న ఆ సంఘం కొన్ని రాతి వరసలకు వారసత్వ సంపదగా రక్షణ రావడానికి కృషి చేసింది. అయినా లేఅవుట్లలో జరిగే తంతు మారలేదు. ముందు బాంబులు పెట్టి గుండ్లను పేల్చేస్తారు. నేలంతా చదును చేస్తారు. తర్వాత పార్కు కోసం వదిలిన మూలలో, ఇనుప వల మీద సిమెంటు పూసి, బూడిదరంగు వేసి, బొమ్మ రాళ్ళు నిలబెడతారు. 250 కోట్ల ఏళ్ళ నాటి నిజం రాయి కంకరగా మారి ఏ రోడ్డు కిందికో పోతుంది. ఇలాంటి స్థలం చేతికొచ్చిన డిజైనరు చేయగల అతి మంచి పని, పనులు మొదలుకాకముందే స్థలమంతా నడిచి, మోకాలి ఎత్తున చదునుగా ఉన్న బండలను గుర్తించి, సున్నంతో గీత గీసి, వీటిని ముట్టుకోవద్దని రాయించడం. ఆ ఒక్క గీతతో సగం ఆసనాలు సిద్ధమైనట్టే.

బయటినుంచి రాయి తెచ్చి వేయాల్సి వస్తే జపాన్‌వాళ్ళ దగ్గర నేర్చుకోవాల్సింది ఉంది. పదకొండో శతాబ్దంలో తోటల నిర్మాణం గురించి అక్కడ రాసిన సకుతెయికి అనే గ్రంథంలో ఎక్కువ భాగం రాళ్ళ గురించే. కొండ మీద పడుకుని ఉన్న రాయిని తోటలో నిలబెట్టకూడదు, నిలబడి ఉన్నదాన్ని పడుకోబెట్టకూడదు అంటుంది ఆ గ్రంథం. వినడానికి నమ్మకంలా ఉన్నా దీని వెనక గట్టి పరిశీలన ఉంది. రాయి ఎన్నో ఏళ్ళు ఒకే భంగిమలో ఉంటే పైముఖం ఎండావానలకు నలుపెక్కుతుంది, పాచి చారలు కడుతుంది, కింది ముఖం మట్టిరంగులో ఉంటుంది. తలకిందులుగా వేస్తే చూసేవాళ్ళకు కారణం తెలియకపోయినా ఏదో తేడా కనిపిస్తుంది. అమెరికా జాతీయ పార్కుల కోసం 1930లలో ఆల్బర్ట్ గుడ్ అనే ఆర్కిటెక్టు కూర్చిన నిర్మాణ గ్రంథాల్లోనూ ధోరణి ఇదే. రాయిని దాని సహజమైన పొరల వాటంలోనే పరచాలి, కట్టడం తన గొప్ప చాటుకోకూడదు.

రాయి పాతే పనిని దగ్గరగా చూస్తే ఇందులోని నేర్పు తెలుస్తుంది. అయిదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల మందం ఉన్న గ్రానైటు దిమ్మ ఒకటిన్నర టన్నుల బరువు తూగుతుంది. జేసీబీ తెచ్చి పడేస్తే పని అయిపోయినట్టు కాదు. రాయిలో మూడో వంతు నేలలోకి పోవాలి. అంటే ముందు గొయ్యి తీయాలి, అడుగున మొరం వేసి దిమ్మిసతో కొట్టాలి. రాయి దిగాక పలుగులు దూర్చి, కొంచెం కొంచెం కదిలిస్తూ, పైముఖం మట్టం చూడాలి. మట్టం పూర్తిగా సమంగా ఉండకూడదు. మేస్త్రీలు వాటం అంటారే, అది ఉండాలి, వాననీరు జారిపోయేంత. మీటరుకు రెండు సెంటీమీటర్లు చాలు. ఆ వాటం వెనక్కి ఉండాలి గానీ, కాళ్ళు పెట్టే ముందువైపుకు ఉండకూడదు. లేకపోతే కాళ్ళ దగ్గర బురద. మట్టి కప్పాక రాయి అంచు నేలలోంచి పైకి వచ్చినట్టు కనబడాలి. కింద సందు కనబడిందంటే లారీ దించిపోయిన సరుకులా ఉంటుంది. గుండ్లతోనే పుట్టి పెరిగిన వడ్డెర పనివాళ్ళకు రాయి ఎటు చీలుతుందో, ఏ ముఖం మీద నిలుస్తుందో చేత్తో తట్టి చూస్తే తెలుస్తుంది. డ్రాయింగులో కోణం రాసి పంపేకంటే, ఆ పూట వాళ్ళతో నిలబడి ఏ ముఖం పైకి రావాలో కలిసి తేల్చుకోవడమే మేలు.

రాయిని చోటుకు తగ్గట్టు మలిచిన ఆసనాలకు ఒక మంచి ఉదాహరణ ఇంగ్లండు నైరుతి కొనన, కార్న్‌వాల్‌లో ఉంది. అక్కడ పోర్త్‌కర్నో తీరం పైన, సముద్రంలోకి దూకేట్టున్న కొండచరియ మీద మినాక్ నాటకశాల ఉంది. దాన్ని కట్టింది రొవెనా కేడ్. పేరున్న ఇంజనీరు కాదు, ఆ కొండ పక్కన ఇల్లు కట్టుకున్న మహిళ. ఊళ్ళోని ఔత్సాహిక నటులకు షేక్‌స్పియర్ ‘టెంపెస్ట్’ నాటకం ఆడటానికి చోటు కావాల్సి వచ్చింది. సముద్రం, తుఫాను, ఓడ మునక ఉన్న నాటకానికి సముద్రం ఒడ్డు కంటే మంచి తెర ఏముంటుంది? 1931-32 చలికాలంలో ఆమె, తోటమాలి బిల్లీ రాలింగ్స్, మరో పనివాడు చార్ల్స్ ఆంగోవ్ కలిసి చరియలో పడివున్న గ్రానైటు గుండ్లను చేత్తో చీల్చి, మెట్లు మెట్లుగా కూర్చునే గట్లు వేశారు. గట్ల వెనక మట్టి నింపారు, గడ్డి పెరిగింది. 1932 వేసవిలో కార్ల హెడ్‌లైట్లు, బ్యాటరీల వెలుగులో నాటకం ఆడారు. నటుల వెనక నిజం సముద్రం.

ఆమె అక్కడితో ఆగలేదు. యుద్ధం కాలం తప్పిస్తే ప్రతి చలికాలమూ పనిచేసింది, ముసలితనంలోనూ చేసింది. గ్రానైటు చెక్కించడం తలకు మించిన ఖర్చయ్యాక సిమెంటుకు మారింది. ఇక్కడే ఆమె తెలివి చూడాలి. కింద తీరంలోంచి ఇసుకను సంచుల్లో మోసుకొచ్చి సిమెంటులో కలిపింది. దాంతో గట్లకు ఆ తీరం రంగే వచ్చింది. తడి ఆరకముందే పాత స్క్రూడ్రైవరుతో వాటి మీద కెల్టిక్ ముగ్గులు, అక్కడ ఆడిన నాటకాల పేర్లు, సంవత్సరాలు చెక్కింది. అంటే తప్పు సిమెంటుది కాదు. మన పార్కుల్లోని మోడు కర్రనని చెప్పుకుంటుంది. మినాక్ గట్టు సిమెంటునని దాచుకోదు, అయినా ఆ కొండకు చెందినదే అయింది, ఎందుకంటే అందులో ఆ తీరపు ఇసుకుంది, ఆ మలుపుల వాటముంది, మనిషి చేతి గీత ఉంది. రొవెనా కేడ్ 1983లో, తొంభయ్యో ఏటికి చేరువలో కన్నుమూసింది. నాటకాలు ఇప్పటికీ ఆడుతున్నారు.

ఇక స్పెయిన్‌లో, బార్సిలోనా నగరం ఎగువన, ఆంతోని గౌడి కట్టిన పార్క్ గ్వెల్ సంగతి. 1900 నుంచి 1914 దాకా పని జరిగింది. అక్కడి మైదానం అంచు వెంట పాములా మెలికలు తిరిగే పొడవాటి ఆసనం ప్రపంచప్రసిద్ధం. దాని మీద పగిలిన పింగాణీ ముక్కలతో రంగురంగుల అతుకులు. ఆ అతుకుల పనిలో గౌడి సహచరుడు జోసెప్ మరియా జుజోల్ చేయి చాలా ఉంది. ఇంత మెరిసే వస్తువు ప్రకృతిలో ఎలా కలిసిందనవచ్చు. మెలికల మలుపుల్లో నలుగురైదుగురు ఒక గుంపుగా మొహాలు చూసుకుంటూ కూర్చోవచ్చు, పక్క మలుపులో ఇంకో గుంపు, ఎవరి లోకం వాళ్ళది. అంతకంటే గొప్ప సంగతి కంటికి కనపడనిది. మైదానం మీద పరిచింది మట్టే. పడిన వాన అందులోంచి వడకట్టుకుని, కింద ఉన్న 86 స్తంభాల మంటపం గుండా, బోలుగా ఉన్న స్తంభాల లోపలినుంచి దిగి, పన్నెండు లక్షల లీటర్లు పట్టే తొట్టిలో చేరుతుంది. ఆ కొండ మీద నీటి కటకట ఉండేది. గౌడి కూర్చునే చోటును వాన చుట్టూ అల్లాడు. పార్కులోని వంతెనల దారులకు రాయి ఆ కొండ తవ్వినప్పుడు వచ్చినదే. నీటితో, రాయితో పొత్తు కుదిరింది కాబట్టి రంగులు ఎన్ని ఉన్నా ఆ ఆసనం అక్కడ పరాయిగా అనిపించదు.

ఇంకొన్ని ఉదాహరణలు క్లుప్తంగా. అమెరికాలో డెన్వర్ దగ్గరి రెడ్ రాక్స్ నాటకశాలలో రెండు పెద్ద ఎర్ర ఇసుకరాతి కొండల మధ్య వాలునే తొమ్మిదిన్నర వేల మంది కూర్చునే వరసలుగా మలిచారు. బర్నమ్ హాయిట్ గీసిన ప్రణాళికతో, నిరుద్యోగ యువకుల దళం పని చేసి, 1941 జూన్‌లో అది పూర్తయింది. నార్వేలో హ్యెర్కిన్ దగ్గర, జింకల కుటుంబానికి చెందిన అడవి రెయిన్‌డీర్లను చూడటానికి స్నోహెట్టా సంస్థ 2011లో ఒక చిన్న మంటపం కట్టింది. పైన తుప్పురంగు ఇనుము, లోపల పడవలు చేసే వడ్రంగులు గాలి కోసిన కొండలా నునుపుగా చెక్కిన పైను దూలాల ఆసనం, ఎదురుగా నిండా అద్దం. చలిగాలి వీపుకు తగలదు, కొండ కళ్ళకు అందుతుంది. తెలుగునాట కూడా ఇలాంటి చరిత్ర ఉంది. మూడు, నాలుగు శతాబ్దాల్లో ఇక్ష్వాకులు ఏలిన విజయపురిలో, అంటే నాగార్జునకొండలో, నాలుగు వైపులా మెట్ల వరసలున్న ప్రేక్షకశాల తవ్వకాల్లో బయటపడింది. సాగర్ నీళ్ళలో లోయ మునగబోతుంటే దాన్ని అనుపు దగ్గర తిరిగి నిర్మించారు. నాగార్జునసాగర్ వెళ్ళినవాళ్ళు నాగార్జునకొండ లాంచీతో సరిపెట్టుకోకుండా అనుపు కూడా చూసి, ఆ మెట్ల మీద కాసేపు కూర్చుని రావాలి.

నార్వే మంటపంలో వీపుకు గోడ, కళ్ళకు కొండ ఉండటం యాదృచ్ఛికం కాదు. 1975లో జే యాపిల్టన్ అనే ఇంగ్లండు భూగోళశాస్త్రవేత్త ఒక వాదన ముందుకు తెచ్చాడు. మనిషి తనకు దూరం కనబడాలని, తాను మాత్రం మరుగున ఉండాలని కోరుకుంటాడనీ, అలాంటి చోట్లే మనసుకు నచ్చుతాయనీ ఆయన అన్నాడు. చెరువుకట్ట మీద జనాన్ని గమనిస్తే ఇది నిజమేననిపిస్తుంది. నడికట్ట మీద కూర్చునేవాళ్ళు తక్కువ. తూము పక్కనో, చెట్టు మానుకు ఆనుకునో, గుండు వెనకో చేరతారు. కాబట్టి నీళ్ళ ఒడ్డున బల్ల వేస్తే దాని వెనక ఒక పొద, మాను, కనీసం నడుమెత్తు గట్టు ఉండాలి. నలుగురూ నడిచే దారిని వీపు వెనక పెట్టి వేసిన బల్ల మీద ఎవరూ ఎక్కువసేపు నిలవరు.

ఇక సరుకు. మన ఎండకు గ్రానైటు, కడప నల్లబండ రెండూ బాగా కాగుతాయి, పొద్దు గూకాక కూడా చాలాసేపు వేడి వదులుతూనే ఉంటాయి. పూర్తి నీడ లేనిచోట అవి పనికిరావు. తాండూరు, బేతంచర్ల లేతరంగు నాపరాళ్ళు కొంత నయం. ఎండపొడ తగిలేచోట రాతి దిమ్మెల మీద కర్రపలకే మంచిది. చేవదేరిన తాటి దూలం దీనికి చక్కగా పనికొస్తుంది, ఖర్చూ తక్కువ. అయితే కర్ర నేలకు తగలకూడదు. జానెడు ఎత్తున రాయి మీద నిలిపితే చెదలు పైకెక్కుతున్నప్పుడు వాటి మట్టి దారి కనబడుతుంది, తుడిచేయవచ్చు. పలకల మధ్య వేలెడు సందు వదిలితే నీరు నిలవదు, ఆకులు ఇరుక్కోవు. నున్నగా పాలిష్ పట్టిన రాయి ఆరుబయట అసలు వాడకూడదు. ఎండలో కళ్ళకు కొడుతుంది, వానలో జారుతుంది.

రాళ్ళు పేర్చిన గట్లలో ఇంకో జాగ్రత్త ఉంది. సందుల్లో తేళ్ళు చేరతాయి, ఎలుకలు చేరితే వాటి వెనక పాములూ వస్తాయి. అలాగని సందులన్నీ సిమెంటుతో పూడ్చేస్తే నీటి దారీ పోతుంది. కూర్చునేవాళ్ళ కాళ్ళకు, చేతులకు అందే ముందువైపు సందుల్ని చిన్న రాతిచిప్పలు, సున్నంతో మూసి, వెనకవైపు, అడుగున వదిలేస్తే సరిపోతుంది. బల్లకు ఇటూ అటూ రెండడుగుల మేర గడ్డి పొట్టిగా ఉంచాలి. అడవిలా కనిపించాలన్న ముచ్చటతో కాళ్ళ దగ్గర తుప్పలు పెంచితే సాయంత్రం ఆరు దాటాక అటువైపు ఎవరూ పోరు.

చివరగా, ఈ రంగంలో ఎక్కువమంది పక్కన పెట్టేసే సంగతి. రాయి, మోడు, మట్టిగట్టు, ఇవన్నీ చూడ్డానికి ఎంత బాగున్నా వాటికి వీపు ఆనించే బల్ల ఉండదు, చేతులు ఉండవు. కూర్చునే ఎత్తు 45 సెంటీమీటర్లకు తగ్గితే పెద్దవయసువాళ్ళకు లేవడం కష్టం. ప్రకృతి గుండ్లు ఆ లెక్కతో పుట్టలేదు. అయిదు రాతి ఆసనాలు వేసినచోట కనీసం ఒకటి, దారికి దగ్గరగా, వీపూ చేతులూ ఉన్నదై ఉండాలి. దాని పక్కన చక్రాల కుర్చీ నిలిచేంత, మూడడుగుల గట్టి నేల వదలాలి. అక్కడిదాకా మెత్తని ఇసుకలో, గులకరాళ్ళలో పడి రాకుండా గట్టిగా కొట్టిన మొరం బాట వేయాలి. చూపు తగ్గినవాళ్ళకు నేలరంగులో కలిసిపోయిన బండ కనబడదు, కాలికి తగులుతుంది. అంచు వెంట లేతరంగు రాయి ఒక వరస వేస్తే ఆ బాధ తప్పుతుంది. ఇవన్నీ పెడితే సహజత్వం చెడుతుందని ఏ డిజైనరైనా అంటే, మోకాళ్ళ నొప్పులతో మెల్లగా నడిచొచ్చిన పెద్దావిడను ఆ అందమైన గుండు మీద కూర్చోబెట్టి, కాసేపయ్యాక ఎవరి చేయీ పట్టుకోకుండా లేవమని అడిగి, ఏం జరుగుతుందో పక్కనే నిలబడి చూడాలి.